నాలుగో వేలు, ఐదో వేలు: ఒక పియానో గురువు కుడిచెయ్యి

పియానో నేర్చుకునేవాళ్ళకు మొదటి రోజుల్లోనే వేళ్ళకు నంబర్లు చెబుతారు. బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, అలా వెళ్తే చిటికెన వేలు ఐదు. అమెరికన్ పియానిస్టు లియాన్ ఫ్లైషర్ కుడిచేతిలో మాట వినడం మానేసినవి నాలుగూ ఐదూ. 1964లో మొదలైంది. పియానో మెట్ల మీద చెయ్యి పెట్టి వాయించబోతే ఆ రెండు వేళ్ళూ అరచేతి వైపు ముడుచుకునేవి. ఎముక విరగలేదు, పక్షవాతం రాలేదు. చూసేవాళ్ళకు చెయ్యి మామూలుగానే ఉంది. ఏడాది తిరిగేసరికి ఆ చేత్తో కచేరీ చెయ్యడం అసాధ్యమైంది.

అప్పటికి ఆయన వయసు 36. జార్జ్ సెల్ నడిపే క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో కలిసి బీథోవెన్ పియానో కన్సర్టోలు ఐదూ, బ్రామ్స్‌వి రెండూ రికార్డు చేసి ఉన్నారు. కన్సర్టో అంటే ఒక వాద్యకారుడికీ పూర్తి ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన పెద్ద రచన. ఆ రికార్డులు అరవై ఏళ్ళు దాటినా ఇప్పటికీ వింటున్నారు. 1965లో అదే ఆర్కెస్ట్రా సోవియట్ యూనియన్ పర్యటనకు బయల్దేరింది. ఫ్లైషర్ కూడా వెళ్ళాలి. ఆయన చేతిని దగ్గర నుంచి చూస్తున్న సెల్‌కు అది కుదరదని అర్థమైంది. ఆర్కెస్ట్రా వెళ్ళింది, ఆయన ఆగిపోయారు.

ఎలాంటి చేతికి ఇలా జరిగిందో తెలిస్తే తప్ప ఈ జబ్బు తీరు సరిగా అర్థం కాదు. ఫ్లైషర్ 1928లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. నాలుగేళ్ళకే పియానో ముందు కూర్చోబెట్టారు. ఆ కాలంలో బీథోవెన్‌ను వాయించడంలో ఆర్టర్ ష్నాబెల్ పేరే పేరు. ఆయన చిన్నపిల్లలకు పాఠం చెప్పేవారు కాదు. ఆయన ఆ ఊరు వచ్చినప్పుడు, అక్కడి సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపిన ఆల్ఫ్రెడ్ హెర్ట్జ్ ఇంట్లో భోజనానికి పిలిచారు. ఆయన భోజనం చేస్తుండగా ఈ పిల్లవాణ్ణి గుట్టుగా ఇంట్లోకి తెచ్చి పియానో ముందు కూర్చోబెట్టారు. భోజనం ముగించి వచ్చిన పెద్దాయన వినక తప్పలేదు. విన్నాక కాదనలేకపోయారు. కచేరీలు మాన్పిస్తేనే నేర్పుతానని షరతు పెట్టారు. 1938లో ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున పాఠాలు మొదలయ్యాయి.

ష్నాబెల్ గురువు లెషెటిట్‌స్కీ, ఆయన గురువు చెర్నీ, చెర్నీ గురువు సాక్షాత్తు బీథోవెన్. అంటే బీథోవెన్ నుంచి లెక్కపెడితే ఫ్లైషర్ ఐదో మనిషి. ఈ లెక్క తెలుగువాళ్ళకు కొత్త కాదు. త్యాగరాజస్వామి, మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ: ఇక్కడా ఐదో మనిషే. త్యాగరాజు, బీథోవెన్ ఇద్దరూ మూడేళ్ళ తేడాతో పుట్టినవాళ్ళు కాబట్టి ఈ పోలిక మరీ కాకతాళీయమేమీ కాదు. చేతి నుంచి చేతికి, చెవి నుంచి చెవికి అందే విద్య రెండు చోట్లా దాదాపు ఒకే వేగంతో నడిచింది.

పదహారేళ్ళకు, 1944లో, పియర్ మోంటో నిర్వహణలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో బ్రామ్స్ మొదటి కన్సర్టో వాయించారు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచిన మొదటి అమెరికన్ అయ్యారు. తర్వాతి పన్నెండేళ్ళూ ఎదురులేదు. వేళ్ళు ముడుచుకోవడం మొదలైంది అలాంటి సమయంలో.

ఈ జబ్బు పేరు ఫోకల్ డిస్టోనియా. డిస్టోనియా అంటే కండరాలు మన ప్రమేయం లేకుండా బిగుసుకుపోవడం, ఫోకల్ అంటే అది శరీరంలో ఒక భాగానికే పరిమితం కావడం. వణుకుడు జబ్బు, అంటే పార్కిన్సన్స్, వేరు. అందులో వణుకు, నెమ్మదితనం, బిగుసుకుపోవడం ఉంటాయి, వయసుతో ముదురుతుంది. ఇక్కడ అడగని కండరం తనంతట తాను బిగుసుకుంటుంది, అదీ సాధారణంగా ఒక్క పని చేసేటప్పుడే. అదే చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవచ్చు, పప్పన్నం కలుపుకోవచ్చు, ఫోన్‌లో మెసేజ్ కొట్టొచ్చు. వాద్యం ముట్టుకుంటే మాత్రం వేలు వంకరపోతుంది. ఇంట్లోవాళ్ళకు ఇదెంత వింతగా కనిపిస్తుందో ఊహించుకోవచ్చు. అన్నం తినేటప్పుడు లేనిది వాయించేటప్పుడు ఎలా వస్తుంది, మనసు పెట్టడం లేదు, అంతే అంటారు. మన ఊళ్ళల్లో అయితే నరాల వీక్‌నెస్ అని తేల్చి బీకాంప్లెక్స్ బిళ్ళలు రాయించుకొస్తారు. నొప్పి ఉంటే కనీసం పరుగెత్తుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు. చాలామందిలో నొప్పే ఉండదు.

రాసేటప్పుడు మాత్రమే చెయ్యి బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ కూడా ఈ కుటుంబంలోదే. రోజంతా కలం పట్టే గుమాస్తాలకూ, దస్తావేజు లేఖరులకూ వచ్చే ఇబ్బంది అది. పియానో, గిటార్ వాయించేవాళ్ళకు ఎక్కువగా కుడిచేతి వేళ్ళు, వయొలిన్ వాయించేవాళ్ళకు ఎడమచేతి వేళ్ళు, ఊదే వాద్యాలవాళ్ళకు పెదవి చుట్టూ ఉండే కండరాలు దీని బారిన పడతాయి. ఏ భాగం ఎక్కువ చురుగ్గా, ఎక్కువ సూక్ష్మంగా పనిచేస్తుందో దాన్నే పడుతుంది. వృత్తి సంగీతకారుల్లో వందకు ఒకరికి వస్తుందని సాధారణంగా చెప్పే అంచనా. మిగతా జనాభాలో ఇది అంతకంటే చాలా అరుదు. ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో ఎక్కువ. ముప్పైల వయసులో, అంటే సరిగ్గా పేరు వస్తున్న రోజుల్లో, బయటపడటం ఎక్కువ.

లోపల ఏం జరుగుతుంది? ఒక వేలు కదలాలంటే మెదడు రెండు ఆజ్ఞలు ఇవ్వాలి. ఆ వేలికి కదలమని, పక్క వేళ్ళకు ఊరుకోమని. రెండోది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. చంటిపిల్లకు వేలు అందిస్తే గుప్పెట మొత్తం బిగిస్తుంది, ఒక్కో వేలునూ విడిగా వాడటం తర్వాత నేర్చుకుంటుంది. పియానిస్టు, వైణికుడు ఈ ‘ఊరుకో’ అనే ఆజ్ఞను ఏళ్ళ తరబడి చెక్కి చెక్కి నునుపు చేసుకుంటారు. డిస్టోనియాలో బలహీనపడేది ఇదే. ఒక వేలికి వెళ్ళాల్సిన కబురు పక్కవేలికీ పోతుంది. వేలిని ముడిచే కండరం, చాపే కండరం రెండూ ఒకేసారి లాగుతాయి.

మెదడు పైపొరలో ఒక్కో వేలి స్పర్శకు ఒక్కో చోటు ఉంటుంది. గట్లు వేసిన మడుల్లా పక్కపక్కనే. ఈ జబ్బున్న సంగీతకారుల మెదళ్ళను కొలిచి చూసినప్పుడు ఆ మడులు ఒకదానిలోకి ఒకటి చొరబడి కనిపించాయి. గట్టు తెగితే ఒక మడికి పెట్టిన నీళ్ళు పక్కదాంట్లోకి పారినట్టు. దీనికి ముందే 1996లో కాలిఫోర్నియాలో కోతుల మీద ఒక ప్రయోగం జరిగింది. ఒకే రకంగా చెయ్యి బిగించి వదిలే పనిని వాటితో మళ్ళీ మళ్ళీ చేయించారు. కొన్ని నెలల్లో కొన్నింటికి చేతి మీద అదుపు తప్పింది. వాటి మెదడులోనూ వేళ్ళ మధ్య గట్లు చెరిగాయి. లోతైన చోట కదలికలను సరిదిద్దే బేసల్ గాంగ్లియాకూ ఇందులో పాత్ర ఉంది. కొందరికి వంశంలో ఉంటుంది. అతిగా వాయించే ప్రతివాడికీ ఇది రాదు కాబట్టి, పుట్టుకతో వచ్చిన బలహీనత ఏదో ముందే ఉండి, సాధకం దాన్ని బయటికి లాగుతుందన్నది ఇప్పటి అవగాహన.

ఇక్కడే ఈ జబ్బు మన నమ్మకాలతో తలపడుతుంది. సాధన చేస్తే సమకూరని పని లేదని బడిలో చేరగానే బట్టీ పట్టినవాళ్ళం. వేలు పలకకపోతే తప్పు వేలిది కాదు, సాధకం చాలలేదు అని ఏ గురువైనా అంటారు. ఫ్లైషరూ అదే చేశారు. వేళ్ళు ఎంత ముడుచుకుంటే అంత గట్టిగా, అన్ని గంటలు ఎక్కువగా వాయించారు. మామూలు అలసటకు అది మందేమో కానీ డిస్టోనియాకు అది నిప్పులో నెయ్యి. తప్పు కదలికను వెయ్యిసార్లు వాయిస్తే మెదడు ఆ తప్పునే పాఠంగా నేర్చుకుంటుంది. తర్వాతి కాలంలో శిష్యులకు ఆయన గట్టిగా చెప్పిన మాటల్లో ఇదొకటి: చెయ్యి మొరాయిస్తుంటే మొండిగా వాయించకండి, ఆగండి.

డాక్టర్లకూ అంతుబట్టలేదు. అప్పటికి డిస్టోనియా అనే మాట పుట్టి యాభై ఏళ్ళు దాటింది. జర్మన్ న్యూరాలజిస్టు హెర్మన్ ఓపెన్‌హైమ్ 1911లోనే ఆ పేరు పెట్టారు. కానీ ఒక్క పనిలోనే కనిపించే ఈ రకాన్ని చాలామంది మానసిక సమస్య కింద జమకట్టేవారు. స్టేజీ భయం, టెన్షన్, లోపలెక్కడో వాయించడం ఇష్టం లేకపోవడం, ఇలా. రైటర్స్ క్రాంప్ అసలు ఫోకల్ డిస్టోనియాయేనని లండన్‌లో షీహీ, మార్స్‌డెన్ అనే డాక్టర్లు రాసింది 1982లో. ఫ్లైషర్ చెయ్యి మొరాయించిన పద్దెనిమిదేళ్ళకు. ఈ మధ్యలో ఆయన ఎక్యుపంక్చర్ నుంచి హిప్నాసిస్ దాకా ఎవరు ఏది చెబితే అది చేశారు. సంసారం చెదిరింది. గడ్డం, జుట్టు పెంచారు, వెస్పా స్కూటర్ కొని తిరిగారు. చచ్చిపోదామన్న ఆలోచనా వచ్చిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

సంగీతకారులు దీన్ని దాచిపెట్టడం కూడా అర్థం చేసుకోదగిందే. వేలు బాగాలేదన్న మాట బయటికి పొక్కితే కచేరీలు పోతాయి. ఫ్లైషర్ ఈడువాడే, స్నేహితుడే అయిన గ్యారీ గ్రాఫ్‌మన్‌కు 1970ల చివర్లో కుడిచెయ్యి ఇలాగే మొరాయించింది. 1981లో ఇద్దరి సంగతీ పత్రికలకెక్కాక, మాకూ ఇదే ఉంది అంటూ ఎక్కడెక్కడి వాద్యకారులో రాయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ప్రతి ఒక్కరూ ఇది ప్రపంచంలో తమ ఒక్కరికే వచ్చిందనుకున్నారు. గ్రాఫ్‌మన్ తర్వాత ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌కు అధిపతి అయ్యారు. పేరున్న పియానిస్టులు లాంగ్ లాంగ్, యుజా వాంగ్ ఆయన శిష్యులు. కుడిచెయ్యి పోయిన ఇద్దరు పియానిస్టులు ఆ తరంలో అమెరికా మెచ్చిన గురువులు కావడం గమనించాల్సిన సంగతి.

ఇంకా వెనక్కి వెళ్తే జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ ఉన్నాడు. 1830ల మొదట్లో కుడిచేతి వేలు చెడి, పియానిస్టు కావాలన్న కోరిక వదులుకుని, సంగీత రచన వైపు తిరిగాడు. వేలికి బలం రావాలని ఏదో యంత్రం బిగించుకుని పాడుచేసుకున్నాడని కథ. అది డిస్టోనియా అయివుండొచ్చని ఇప్పుడు కొందరు న్యూరాలజిస్టుల అనుమానం. అప్పటి వైద్యం మాత్రం ఘోరం: అప్పుడే కోసిన జంతువు పేగుల్లో చెయ్యి పెట్టి ఉంచమన్నారు. ఆ వెచ్చదనానికి వేలు బాగుపడుతుందని.

షూమన్ దగ్గరే ఇంకో ముచ్చట ఉంది. 1840లో ఆయన యుస్టినస్ కెర్నర్ అనే జర్మన్ కవి రాసిన పన్నెండు కవితలకు బాణీలు కట్టాడు. ఈ కెర్నర్ వృత్తికి డాక్టరు. చెడిపోయిన సాసేజ్‌లు తిని జనం కండరాలు చచ్చుబడి చనిపోతుంటే, 1820 ప్రాంతంలో ఆ విషం లక్షణాలను మొట్టమొదట వివరంగా రాసిన మనిషి. ఆ విషాన్ని చిన్న మోతాదులో ఇస్తే అతిగా ఉద్రేకపడే నరాలకు మందుగా పనికిరావచ్చని కూడా ఊహించాడు. ఆ విషమే బొట్యులినమ్, ఇప్పటి బొటాక్స్. వేలు చెడిన సంగీతకారుడు ఎవరి కవితలకు బాణీ కట్టాడో, ఆయన ఊహించిన మందే నూట డెబ్భై ఏళ్ళకు ఇంకో పియానిస్టు వేళ్ళను సాపు చేసింది. షూమన్‌కూ కెర్నర్‌కూ ఆ సంగతి తెలిసే దారి లేదు.

వేళ్ళను ముడిచే పెద్ద కండరాలు అరచేతిలో ఉండవు, మోచేతికీ మణికట్టుకూ మధ్య ఉంటాయి. ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని చిటికెన వేలు ముడిస్తే ఏ కండరం కదులుతుందో చర్మం మీదే తెలుస్తుంది. బొటాక్స్ సూది వేసేది అక్కడే. నరం నుంచి కండరానికి ఆజ్ఞ మోసుకెళ్ళే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అది విడుదల కానివ్వదు. కండరం వదులవుతుంది. మోతాదు తక్కువైతే వేలు ముడుచుకుంటూనే ఉంటుంది, ఎక్కువైతే మెట్టు నొక్కే బలం కూడా పోతుంది. మామూలు మనిషికి కాస్త బలం తగ్గినా ఫర్వాలేదు కానీ పియానిస్టుకు ఆ తేడాలోనే సంగీతం ఉంది. ఫలితం మూడు నాలుగు నెలలు నిలుస్తుంది, మళ్ళీ వేయించుకోవాలి. మెదడులో తెగిన గట్టును అది బాగు చెయ్యదు, నీళ్ళు పారకుండా చివర్లో అడ్డం పెడుతుంది, అంతే.

ఫ్లైషర్‌కు 1990ల మధ్యలో ఈ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వాటితోపాటు రోల్ఫింగ్ అనే ఒక రకం లోతైన మర్దన కూడా చేయించుకున్నారు. రెండు చేతులతో మళ్ళీ స్టేజీ ఎక్కారు. 2004లో వచ్చిన రికార్డుకు ‘టూ హ్యాండ్స్’ అనే పేరు పెట్టారు. అందులో బాఖ్, షోపాన్, దెబ్యుసీ చిన్న రచనలతో పాటు షూబర్ట్ చివరి పెద్ద సొనాటా ఉంది. పత్రికలు దీన్ని అద్భుతమని రాశాయి. ఆయన మాత్రం ఈ జబ్బు నయమైందని ఎక్కడా చెప్పుకోలేదు. ఏది వాయించగలరో, ఏది చెయ్యి ఒప్పుకోదో చూసుకుని ఎంచుకునేవారు. బతికినంత కాలం ఇది వెంటే ఉంటుందని తెలుసు.

దీనికి ముందు, చెయ్యి బాగుపడిందన్న ఉత్తుత్తి ఆశ కూడా ఒకటి ఉంది. 1982 సెప్టెంబరులో బాల్టిమోర్‌లో మేయర్‌హాఫ్ హాల్ ప్రారంభం. మణికట్టుకు ఆపరేషన్ అయి, చెయ్యి కాస్త తేలికపడినట్టు అనిపించింది. బీథోవెన్ నాలుగో కన్సర్టో వాయిస్తానని ఒప్పుకున్నారు. తేదీ దగ్గర పడేకొద్దీ చెయ్యి సహకరించదని తెలిసిపోయింది. దాని బదులు సీజర్ ఫ్రాంక్ రాసిన ‘సింఫానిక్ వేరియేషన్స్’ వాయించారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. హాల్లో ఒక్క మనిషికి మాత్రం అది తిరిగి రావడం కాదని తెలుసు, ఆ మనిషి పియానో ముందే కూర్చుని ఉన్నారు. తర్వాత, కుడిచెయ్యి పోయాక వాయిస్తూ వచ్చిన ఎడమచేతి రచనలకే తిరిగి వెళ్ళారు.

ఎడమచేతి రచనలు అంటే ఒక్క చేత్తో సర్దుకోవడం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న వియన్నా పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ డబ్బున్నవాడు. ఆయన అడిగి డబ్బిచ్చి రావెల్, ప్రొకోఫియెవ్, బ్రిటన్, హిండెమిత్ లాంటి వాళ్ళ చేత ఎడమచేతికి కన్సర్టోలు రాయించుకున్నాడు. రావెల్ రచన వింటే ఒక్క చెయ్యి వాయిస్తోందని నమ్మడం కష్టం. బొటనవేలు పైస్వరాల్లో పాట నడిపిస్తుంటే మిగతా వేళ్ళు కింద శ్రుతులు నిలబెడతాయి. హిండెమిత్ రాసింది నచ్చక విట్‌గెన్‌స్టైన్ దాన్ని ఎప్పుడూ వాయించలేదు, ఎవరినీ వాయించనివ్వలేదు. 1923 నాటి ఆ కాగితాలు 2002లో పెన్సిల్వేనియాలో ఒక ఇంట్లో దొరికాయి. 2004 డిసెంబరులో బెర్లిన్‌లో, సైమన్ రాటిల్ నిర్వహణలో, దాన్ని మొదటిసారి లోకానికి వినిపించింది ఫ్లైషర్. రెండు చేతుల రికార్డు వచ్చిన ఏడాదే.

ఇక పాఠం సంగతి. ఫ్లైషర్ 1959 నుంచి బాల్టిమోర్‌లోని పీబడీ కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, పాఠాలు చెబుతూ వచ్చారు. చెయ్యి బాగున్న రోజుల్లో చెప్పడం చాలా తేలిక. శిష్యుడు వాయిస్తాడు, నచ్చకపోతే జరుగు అని పక్కకు జరిపి, తాను కూర్చుని వాయించి, ఇలా ఉండాలి అంటే సరిపోతుంది. శిష్యుడు దాన్ని చూసి, విని, అనుకరిస్తాడు. చెయ్యి పోయాక ఆ దారి మూసుకుపోయింది. ఏం కావాలో ఇప్పుడు మాటల్లో చెప్పాలి. చెప్పాలంటే ముందు తనకు తెలియాలి. ఇన్నాళ్ళూ వేళ్ళకు తెలుసు, తనకు తెలియనక్కర్లేకపోయింది. చెయ్యి పనిచెయ్యనందువల్లే తాను మంచి గురువునయ్యానని ఆయన చాలాసార్లు అన్నారు. ఓదార్పు కోసం అన్న మాటలా కనిపిస్తుంది కానీ, ఆయన చెప్పిన పాఠాలు చూస్తే అక్షరాలా నిజం.

ఆ పాఠాల్లో అందరూ గుర్తుపెట్టుకున్నది ముగ్గురు మనుషుల లెక్క. వాయించేవాడిలో ముగ్గురు ఉండాలనేవారు ఆయన. మొదటివాడు, వాయించకముందే ఆ స్వరం ఎలా ఉండాలో లోపల వింటాడు. రెండోవాడు మెట్లు నొక్కుతాడు. మూడోవాడు కాస్త దూరంగా కూర్చుని బయటికి వచ్చిన స్వరాన్ని వింటాడు. మొదటివాడు అనుకున్నదీ మూడోవాడు విన్నదీ కలవకపోతే రెండోవాడికి చెబుతాడు, ఆ మరుసటి స్వరంలోనే దిద్దుకోవాలి. ఈ ముగ్గురూ ఒకేసారి, ఆగకుండా పనిచెయ్యాలి. చాలామంది శిష్యుల్లో రెండోవాడొక్కడే ఉంటాడు. మొదటివాడు నిద్రపోతుంటాడు, మూడోవాడు ఇంకా రాడు.

డిస్టోనియా పట్టింది రెండోవాడిని. అదీ అతన్లో రెండు వేళ్ళను. మొదటివాడికీ మూడోవాడికీ ఏమీ కాలేదు. పైగా రెండోవాడి గొడవ తగ్గడంతో వాళ్ళిద్దరికీ పని పెరిగింది. ఫ్లైషర్ పాఠం ఈ ఇద్దరి మీదే నడిచింది. ఆండ్రే వాట్స్, యెఫీమ్ బ్రాన్ఫ్‌మన్, జొనాథన్ బిస్ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే, ఒకరి వాయింపు ఒకరికి పోలిక ఉండదు. గురువు వాయించి చూపిస్తే శిష్యులు గురువులా వాయిస్తారు. గురువు వినడం నేర్పితే ఎవరి దారి వాళ్ళకు దొరుకుతుంది. ఇది ఒక్క ఫ్లైషర్ విషయంలో జరిగింది కాబట్టి సూత్రంలా చెప్పడానికి లేదు, కానీ గ్రాఫ్‌మన్ శిష్యులను చూసినా ఇదే అనిపిస్తుంది.

మన సంగీతంలో ఇలాంటి గురువు పరిస్థితి ఎలా ఉంటుంది? కర్ణాటక సంగీతంలో వాద్యమైనా మూలం గాత్రమే. వీణ గురువు చెయ్యి మొరాయించినా నోటితో స్వరం పాడి చెప్పగలరు. ‘సరిగా పాడు, తర్వాత మీటు’ అనడం పాతకాలం నుంచీ ఉన్నదే. పియానో గురువుకు ఆ సౌకర్యం అంత లేదు, ఒకేసారి పది స్వరాలు నోటితో పాడలేరు కదా. అయితే గమకం దగ్గరకొచ్చేసరికి చిక్కే. తీగను ఎంత లాగాలో, ఏ మెట్టు మీద నుంచి జారాలో, చిటికెన వేలితో తాళపు తీగలు ఎప్పుడు మీటాలో కళ్ళతో చూసి పట్టుకోవడానికే మన శిష్యులు అలవాటుపడ్డారు. ఆ చూపు లేకుండా నేర్పాలంటే గురువు దగ్గర మాటలు ఉండాలి. మనవాళ్ళలో అవి ఉన్న గురువులు కొద్దిమందే. చూపించి నేర్పడం తక్కువేమీ కాదు కానీ, చెయ్యి పడిపోయిన రోజున ఆ మాటల లోటు తెలుస్తుంది.

ఈ జబ్బును మొదట కనిపెట్టగలిగింది కూడా గురువే. శిష్యుడు ఒకప్పుడు తేలిగ్గా వాయించిన చోటే తడబడుతుంటే, ఎప్పుడూ అదే వేలు ఆలస్యంగా వస్తుంటే, అడక్కుండానే వేలి వాడకం మార్చేస్తుంటే అనుమానించాలి. పక్కవేలు గాల్లోకి లేచి నిలబడటం ఇంకో గుర్తు. వేలికి ప్లాస్టర్ ముక్క అంటించినా, పల్చటి గ్లోవ్ తొడిగినా కొందరికి కాసేపు బాగుంటుంది. మెదడుకు అందే స్పర్శ మారడం వల్ల జరిగేది అది. మామూలు కండరాల నొప్పిలో అలా జరగదు. ఆ స్థితిలో ఇంకో గంట సాధకం చెప్పడం కంటే న్యూరాలజిస్టు దగ్గరికి, వీలైతే కదలికల జబ్బులు ప్రత్యేకంగా చూసేవాళ్ళ దగ్గరికి పంపడం మేలు. హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి చోట్ల అలాంటి వైద్యం ఉంది. బొటాక్స్ కాక ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రలు కొందరికి పనిచేస్తాయి, కానీ నోరు ఎండడం, మతిమరుపు లాంటివి వస్తాయి. చాలా నెమ్మదిగా, మొదటి సరళీ వరసల నుంచి చేతికి మళ్ళీ నేర్పే పద్ధతి ఇంకొకటి. ఏళ్ళు పడుతుంది, కొందరికే ఫలిస్తుంది.

ఆపరేషన్ కూడా ఉంది. 2017లో బెంగళూరులో ఒక గిటారిస్టుకు చేసినప్పుడు దేశమంతా వార్త అయ్యింది. మెదడు లోపల థాలమస్ అనే చోట, తప్పుడు కబుర్లు పంపుతున్న చిన్న భాగాన్ని కాల్చాలి. సరైన చోటు తగిలిందో లేదో తెలియాలంటే రోగి మెలకువగా ఉండి ఆ పని చేస్తుండాలి. ఎందుకంటే వాయిస్తేనే జబ్బు కనిపిస్తుంది, ఊరికే పడుకుంటే చెయ్యి బాగానే ఉంటుంది. అందుకే తలకు చట్రం బిగించి, పుర్రెకు రంధ్రం చేసి, ఆపరేషన్ బల్ల మీదే అతని చేతికి గిటార్ ఇచ్చారు. డాక్టర్లు లోపల కాలుస్తుంటే అతను వాయిస్తూ, ఇప్పుడు వేలు వదులైంది, ఇంకా కాస్త ఉంది అని చెబుతూ వచ్చాడు. ఆపరేషన్ థియేటర్లో కూడా మూడోవాడి చెవి మీదే ఆధారపడ్డారు.

ఫ్లైషర్ 2020 ఆగస్టు 2న బాల్టిమోర్‌లో, 92 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. పీబడీలో అరవై ఏళ్ళకు పైగా పాఠం చెప్పారు, పోవడానికి వారం ముందు కూడా చెబుతూనే ఉన్నారు.